వీలునామా ఎవరి కోసం?

మరణం ఖాయం. అది ఎప్పుడు వస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. ఈ మాట మనందరికీ తెలిసిందే, జనాజా వెంట నడిచిన ప్రతిసారీ గుర్తుకు వచ్చేదే. అయినా అమ్మాయి పెళ్లికి పదేళ్ల ముందు నుంచి పైసా పైసా కూడబెట్టే మనం, మన తర్వాత మన ఇల్లూ పొలమూ దుకాణమూ ఎవరికి ఎలా చేరాలన్న విషయాన్ని ఒక్క పూట కూర్చుని ఆలోచించం. ఎవరికి ఎంత బాకీ ఉన్నామో ఇంట్లో వాళ్లకు చెప్పం. ఆ మాట ఎత్తితే అపశకునమని కొందరు, పిల్లలు బాధపడతారని కొందరు వాయిదా వేస్తారు. చివరికి తండ్రిని ఖననం చేసి వచ్చిన కొద్ది రోజులకే బీరువా తాళాల దగ్గర అన్నదమ్ములు నిలబడతారు. అక్కచెల్లెళ్లు గుమ్మం దగ్గర మౌనంగా నిలబడతారు.

అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) ఈ విషయంలో విశ్వాసులను ముందే హెచ్చరించారు. వీలునామా రాయవలసిన ఆస్తి ఏదైనా ఉన్న ముస్లిం, ఆ వీలునామా రాసి దగ్గర పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపడం తగదని ఆయన బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఈ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి), ఆ మాట విన్న నాటి నుంచి తన వీలునామా తన దగ్గర లేకుండా ఒక్క రాత్రి కూడా గడపలేదని చెప్పుకున్నారు. మన సంగతి ఏమిటి?

ఈ వ్యాసంలో మేము చెప్పదలచింది ఒక్కటే. వీలునామా అల్లాహ్ నిర్ణయించిన వాటాలను మార్చడానికి కాదు. అప్పులూ అమానతులూ బయటపెట్టడానికి, వాటా లేని ఆప్తులకు మూడో వంతు లోపల ఏదైనా ఇవ్వడానికి, మిగిలినది హక్కుదారులకు సజావుగా చేరేలా చూడడానికి. ఈ పనిలో మంచి న్యాయవాది మనకు ఎంతో సహాయపడగలడు. అయితే ఆయనకు ఏం చెప్పాలో ముందు మనకు తెలియాలి.

మన జిల్లాల పరిస్థితి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముస్లింలు ఈనాటి వారు కారు. శ్రీకాకుళంలోని జామియా మసీదు 17వ శతాబ్దంలో, గోల్కొండ కుతుబ్‌షాహీల పాలనలో, ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించినది. అయినా ఇక్కడ మన జనాభా చాలా తక్కువ. పలాసలో కొన్ని ఇళ్లు, బొబ్బిలిలో కొన్ని, సాలూరులో కొన్ని. అందువల్ల ఇక్కడి వకీళ్ల దగ్గరకు, దస్తావేజు లేఖరుల దగ్గరకు ముస్లిం కుటుంబాల ఆస్తి వ్యవహారాలు అరుదుగా వస్తాయి. వాళ్లు రోజూ రాసేది హిందూ కుటుంబాల వీలునామాలు. మనం వెళ్లి "ఒక విల్లు రాయండి" అంటే, అలవాటైన నమూనాలోనే పేర్లు మార్చి రాసి ఇస్తారు. "నా యావదాస్తి నా పెద్ద కుమారునికి చెందవలెను" అన్న వాక్యం అలా పుట్టుకొస్తుంది. అందులో వాళ్లను తప్పుపట్టడానికి లేదు. మన ధర్మశాస్త్రం వేరని, దాన్ని దేశ చట్టం కూడా గుర్తించిందని చెప్పవలసిన బాధ్యత మనది.

ఆస్తి పంపకానికి ముందు

ఒక ముస్లిం చనిపోయినప్పుడు అతను వదిలిన ఆస్తి మీద నాలుగు హక్కులు ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. మొదటిది కఫను, ఖననం ఖర్చు. అది మితంగా ఉండాలి. ఆడంబరపు భోజనాల ఖర్చు ఇందులో చేరదు. రెండోది అప్పులు. భార్యకు చెల్లించని మహ్ర్ కూడా అప్పే అన్న సంగతి చాలా ఇళ్లలో మరచిపోతారు. మూడోది వీలునామా. అది మిగిలిన దానిలో మూడో వంతుకు మించకూడదు. ఈ మూడూ అయ్యాక మిగిలినదే వారసుల వాటా.

దివ్యఖుర్ఆన్‌లోని నిసా సూరా 11, 12 ఆయతులు ఎవరి వాటా ఎంతో చెబుతూ, ఇదంతా వీలునామా, అప్పు తీర్చిన తర్వాతేనని మళ్లీ మళ్లీ గుర్తు చేస్తాయి. అదే సూరా 7వ ఆయతు, తల్లిదండ్రులూ బంధువులూ విడిచిన ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అందులో పురుషులకూ వాటా ఉంది, స్త్రీలకూ వాటా ఉంది అని స్పష్టం చేస్తుంది.

ఈ వాటాల ఆజ్ఞ అవతరించిన సందర్భాన్ని తెలుసుకుంటే దాని విలువ అర్థమవుతుంది. ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయన సోదరుడు ఆస్తినంతా తన చేతిలోకి తీసుకున్నాడు. ఆయన భార్య తన ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, ఆస్తి లేకపోతే ఈ పిల్లల పెళ్లిళ్లు ఎలా అవుతాయని మొరపెట్టుకుంది. వారసత్వ ఆజ్ఞ అవతరించాక దైవప్రవక్త (స) ఆ సోదరుణ్ణి పిలిపించి, కూతుళ్లకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినది అతన్ని తీసుకోమన్నారు. ఆస్తిని పట్టుకుని కూర్చునే మగవారి చేతి నుంచి ఆడపిల్లల హక్కును తీసి ఇవ్వడంతోనే మన వారసత్వ శాసనం మొదలైంది.

మూడో వంతు హద్దు

హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మక్కాలో తీవ్రంగా జబ్బుపడ్డారు. అప్పటికి ఆయనకు ఒక్కతే కూతురు. తన ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేయనా అని దైవప్రవక్త (స)ను అడిగారు. వద్దన్నారు. సగం ఇవ్వనా అన్నారు. అదీ వద్దన్నారు. మూడో వంతు అడిగితే ఒప్పుకుంటూనే, అదీ ఎక్కువేనని చెప్పి, వారసులను పరుల ముందు చేయి చాపేలా వదిలిపోవడం కన్నా ఉన్నవారుగా వదలడం మేలని హితవు చెప్పారు. దానధర్మాలకే ఈ హద్దు ఉన్నప్పుడు, ఒక కొడుకు మీద ప్రేమతో మిగిలిన వారిని కాదనడానికి హద్దు ఉండదా?

రెండో హద్దు కూడా అంతే ముఖ్యం. వాటా ఉన్న వారసునికి వీలునామా లేదని దైవప్రవక్త (స) ప్రకటించారు. కొడుకు, కూతురు, భార్య, తల్లి, తండ్రి ఎలాగూ హక్కుదారులే. వారిలో ఒకరికి వీలునామా ద్వారా అదనంగా ఇస్తే, వీలునామా రాసినవారు చనిపోయాక మిగిలిన వారసులు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే అది అమలవుతుంది. మూడో వంతు మించి బయటివారికి రాసినా అంతే. మన దేశంలోని న్యాయస్థానాలు కూడా సున్నీ ముస్లింల విషయంలో ఈ సూత్రాలనే పాటిస్తున్నాయి. కాబట్టి పెద్ద కొడుక్కి యావదాస్తి రాసిన వీలునామా మీద చెల్లెలు కోర్టుకు వెళితే, రిజిస్టరు చేయించినా సరే, అది నిలవదు. రాయించిన ఖర్చు వృథా, అల్లాహ్ దగ్గర జవాబుదారీ అదనం.

మరి ఎవరికి రాయాలి?

వీలునామా అవసరం ఎక్కడుందో ఒక ఉదాహరణతో చూద్దాం. విజయనగరంలో ఒక పెద్దాయనకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు అనుకుందాం. పెద్ద కొడుకు పొట్టకూటి కోసం దూరదేశం వెళ్లి తండ్రి బతికుండగానే చనిపోయాడు. అతని భార్య, చిన్న పిల్లలు తాతగారి ఇంట్లోనే ఉన్నారు. రేపు ఆ తాతగారు పోతే, ఆయన రెండో కొడుకు జీవించి ఉన్నాడు కనుక చనిపోయిన కొడుకు పిల్లలకు వారసత్వ వాటా రాదు. కోడలికీ రాదు. చాలామంది ఇక్కడ ఆగిపోయి, షరీఅత్‌లో అనాథలకు దిక్కు లేదా అని బాధపడతారు. దిక్కు ఉంది. అదే వీలునామా. మూడో వంతు లోపల ఆ తాత తన యతీము మనవలకు రాయవచ్చు. అందుకు ఏ వారసుని అనుమతీ అక్కర్లేదు.

లెక్క చూడండి. ఆయన వదిలిన ఆస్తి విలువ 27,50,000 రూపాయలు. ఖననం ఖర్చు 30,000. భార్యకు చెల్లించని మహ్ర్ 50,000. తెలిసినవారి దగ్గర తీసుకున్న చేబదులు 2,70,000. ఇవన్నీ కలిపి 3,50,000 తీసివేస్తే మిగిలేది 24,00,000. ఇందులో మూడో వంతు, అంటే 8,00,000 వీలునామా ప్రకారం అనాథ మనవలకు. మిగిలిన 16,00,000లో సంతానం ఉంది కనుక భార్యకు ఎనిమిదో వంతు, 2,00,000. శేషం 14,00,000లో కొడుక్కి 7,00,000, ఇద్దరు కూతుళ్లకు చెరి 3,50,000. ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే? 24,00,000 మొత్తం భార్యకూ, బతికున్న సంతానానికీ చెందుతుంది. మనవల బతుకు బాబాయి దయ మీద ఆధారపడుతుంది. ఒక్క కాగితం రాయకపోవడం వల్ల తండ్రి లేని పిల్లలకు జరిగే నష్టం ఇది. పంపకం వేళ వాటా లేని బంధువులు, అనాథలు, నిరుపేదలు వస్తే వారికీ కొంత ఇచ్చి మంచిమాట చెప్పమని నిసా సూరా 8వ ఆయతు బోధిస్తోంది. ఆ దయను మరణించాక ఎవరో చూపాలని ఎదురుచూడకుండా, బతికుండగానే మనమే రాసి పెట్టడం ఎంత మేలు!

పెంచుకున్న బిడ్డ విషయమూ ఇంతే. ఇస్లాంలో పెంపుడు సంతానానికి వారసత్వం లేదు. మూడో వంతు లోపల వీలునామా రాయవచ్చు. ఏళ్ల తరబడి సేవ చేసిన పేద బంధువుకు, మసీదుకు, మదరసాకు కూడా ఇలాగే రాయవచ్చు.

మనలో పాతుకుపోయిన నాలుగు అపోహలు

మొదటిది పిత్రార్జితం, స్వార్జితం అన్న తేడా. "ఇది మా తాతల నాటి ఆస్తి, పుట్టుకతోనే కొడుకులకు హక్కు" అని మన ఇళ్లలోనూ అంటుంటారు. ఇది పక్కవారి ధర్మశాస్త్రం నుంచి మనకు అంటుకున్న మాట. ముస్లింలకు పుట్టుకతో వచ్చే ఆస్తి హక్కు లేదు. తాత నుంచి వచ్చినా తాను సంపాదించినా, బతికున్నంతవరకు అది ఆ మనిషి సొంతం. మరణించిన క్షణాన అంతా వారసులది.

రెండోది పొలం విషయం. "ఇంట్లో వాటా ఇస్తాం గానీ పొలానికి షరీఅత్ వర్తించదు" అని చెల్లెళ్లకు చెప్పే అన్నలు ఉన్నారు. ఈ మాటకు ఒక పాత ఆధారం ఉంది. 1937 నాటి షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించింది. అయితే మన జిల్లాల ప్రాంతం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ రాష్ట్రం 1949లో చట్టాన్ని సవరించి ఆ మినహాయింపును తొలగించింది. కాబట్టి మన ప్రాంతంలో మెట్టకైనా మాగాణికైనా షరీఅత్ వాటాలే. పొలం సాకు చెల్లదు.

మూడోది పెళ్లి ఖర్చు. "దానికి పెళ్లి చేశాం, జహేజు ఇచ్చాం, ఇంకేం వాటా?" అన్నది తరచూ వినిపించే మాట. పెళ్లికి పెట్టినది తండ్రి ఇష్టంతో పెట్టిన ఖర్చు. దాన్ని వారసత్వంలో మినహాయించుకునే అధికారం ఎవరికీ లేదు. కొందరు పెళ్లికి ముందే కూతురి చేత హక్కు వదులుకున్నట్లు కాగితం రాయిస్తారు. తండ్రి బతికుండగా కూతురికి ఆ ఆస్తిలో ఇంకా హక్కే పుట్టలేదు. పుట్టని హక్కును వదులుకోవడం స్వతహాగా చెల్లదు. అయితే సొమ్ము పుచ్చుకుని అలా రాసిచ్చినవారు తర్వాత వాటా అడగకుండా వారి ప్రవర్తనే అడ్డు కావచ్చునని 1973లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి సోదరీమణులు వకీలుకు చూపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు.

నాలుగోది నామినీ. బ్యాంకు ఖాతాలో నామినీగా పేరుంటే ఆ డబ్బు తమదేనని అనుకుంటారు. బ్యాంకు నామినీకి డబ్బు ఇచ్చి తన బాధ్యత వదిలించుకుంటుంది, అంతే. ఆ డబ్బు వారసులందరి తరఫున ఆయన చేతిలో ఉన్న అమానతు. సుప్రీంకోర్టు కూడా అనేక తీర్పుల్లో ఇదే సూత్రం చెప్పింది. బీమా విషయంలో మాత్రం 2015లో చట్టం మారింది కనుక దాని గురించి వకీలును విడిగా అడగాలి. చట్టం ఏది చెప్పినా, అల్లాహ్‌కు భయపడే నామినీ తన దగ్గరకు వచ్చిన సొమ్మును హక్కుదారుల ముందు పెట్టాలి.

న్యాయవాది ఏం చేస్తాడు?

మంచి వకీలు కలం పట్టక ముందు ప్రశ్నలు వేస్తాడు. ఆస్తులేవి, ఎవరి పేరున ఉన్నాయి, కొన్నది ఎవరి డబ్బుతో, తాకట్టులో ఉన్నవేవి, బాకీలెన్ని, రావలసినవెన్ని? అన్నిటికీ కాగితాలు అడుగుతాడు. మన ప్రాంతంలో ఇది కొంచెం చిక్కైన పని. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడక ముందు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్లీ మారాయి. రాజాం విజయనగరం జిల్లాకు, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. తాతగారి దస్తావేజులో ఒక జిల్లా, ఇప్పటి పాసుపుస్తకంలో ఇంకో జిల్లా ఉంటే ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. పాత దస్తావేజుల నకళ్లు, ఇ.సి. తీయించి, సర్వే నంబర్లు సరిచూసి ఈ చిక్కులు ముందే విప్పడం న్యాయవాది పని.

తర్వాత వీలునామా రాత. ముస్లిం వీలునామాకు ప్రత్యేకమైన రూపం ఏదీ చట్టం విధించలేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో వీలునామాల రాత గురించి, సాక్షుల గురించి ఉన్న నియమాలు ముస్లింలకు వర్తించవు. నోటిమాటగా చెప్పిన వసియ్యత్ కూడా రుజువైతే చెల్లుతుంది. కానీ రుజువు చేయడమే కష్టం. రాసి పెట్టుకోమని దైవప్రవక్త (స) బోధించారు. వసియ్యత్ వేళ ఇద్దరు న్యాయవర్తనులను సాక్షులుగా పెట్టుకోమని మాయిదా సూరా 106వ ఆయతు ఆదేశిస్తోంది. కాబట్టి కాగితం మీద రాసి, అందులో లాభం లేని ఇద్దరు సాక్షుల సంతకాలతో పూర్తి చేయాలి.

ఆ కాగితంలో ఏముండాలి? చెల్లించవలసిన అప్పులు, మహ్ర్, ఇతరుల అమానతుల జాబితా. తీర్చని జకాత్, చేయలేకపోయిన హజ్ వంటి బాధ్యతలేవైనా ఉంటే వాటి ప్రస్తావన. మూడో వంతు లోపల ఎవరికి ఏమిటన్న వివరం. ఇదంతా అమలు చేసే వసీ పేరు. మనవలు మైనర్లయితే వారి ఆస్తిని చూసే బాధ్యతను తాత వారి తల్లికే వసీగా అప్పగించవచ్చు. చివరగా, మిగిలిన ఆస్తిని మరణ సమయానికి ఉన్న వారసులకు షరీఅత్ ప్రకారం పంచాలన్న ఒక్క వాక్యం. వారసులకు ఇంత ఇంత అని అంకెలు వేయకపోవడమే మంచిది. ఎవరు ముందో ఎవరు వెనకో అల్లాహ్‌కే తెలుసు.

వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరీ కాదు. అయినా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయిస్తే తర్వాత దొంగ సంతకమన్న మాట రాదు. ఇతరులకు తెలియకూడదనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రపరిచే ఏర్పాటు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. బతికున్నంతకాలం వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు.

హిబా సంగతి

కొందరు పెద్దలు వీలునామాకు బదులు బతికుండగానే హిబా చేస్తారు. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకునేవారు ఒప్పుకోవడం, ఆస్తిని స్వాధీనం చేయడం ఈ మూడూ జరిగితేనే హిబా పూర్తవుతుంది. తాళాలు తన దగ్గరే ఉంచుకుని, అద్దె తానే వసూలు చేసుకుంటూ, కాగితం మాత్రం రాస్తే అది హిబా కాదు. మరణ వ్యాధిలో చేసిన హిబాకు వీలునామా హద్దులే వర్తిస్తాయి.

మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు ఇక్కడ చెప్పుకోవాలి. 1968 ఫిబ్రవరిలో ఒక తండ్రి తన కొడుకుల్లో ఒకరికి హిబా రాసిచ్చారు. దాన్ని రిజిస్టరు చేయించలేదు. అదే ఏడాది డిసెంబరులో ఆయన మరణించారు. పంపకాల వ్యాజ్యం మొదలైంది. రిజిస్టరు కాని హిబా చెల్లదని హైకోర్టు అంది. మూడు షరతులూ నెరవేరితే ముస్లిం హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది. హిబా రాసిన నాటి నుంచి తుది తీర్పు వచ్చేసరికి 43 ఏళ్లు. చట్టరీత్యా ఎవరు గెలిచారన్నది అలా ఉంచి, ఒక తరం జీవితం అందులో గడిచిపోయిందని గుర్తించండి. ఆ రోజే వకీలు సలహాతో రిజిస్టరు చేయించి ఉంటే రిజిస్ట్రేషన్ గురించిన ఆ వాదానికి తావుండేది కాదు.

హిబాలో ఇంకో ధర్మం కూడా ఉంది. హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి ఆయనకు ఒక కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరారు. మిగిలిన పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదనగానే, అల్లాహ్‌కు భయపడి సంతానం మధ్య న్యాయం చేయమని చెప్పి సాక్ష్యానికి నిరాకరించారు. చట్టంలో చెల్లుతుంది కదా అని ఒక్కరికే రాసే తండ్రులు ఈ హదీసును ఒకసారి తలచుకోవాలి.

ఏజెన్సీ ప్రాంతంలో ఇళ్లున్న కుటుంబాలు మరింత జాగ్రత్తగా ఉండాలి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వంటి చోట్ల వ్యాపారం కోసం స్థిరపడిన వారున్నారు. అక్కడ 1/70 చట్టంగా పిలిచే నిబంధన ప్రకారం గిరిజనేతరునికి చేసే అమ్మకమే కాదు, దానం కూడా చెల్లదు. తండ్రి కూతురికి చేసే హిబా కూడా ఇందులోకి వస్తుంది. అయితే ఆ నిబంధనలో బదలాయింపు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం నుంచి వీలునామాను మినహాయించారు. ఇలాంటి చోట ఏ కాగితం రాయాలో తెలియక హిబా రాసి పోగొట్టుకునేవారికి, వకీలు సలహా విలువ అప్పుడు తెలుస్తుంది.

మరణం తర్వాత

ప్రొబేట్ అంటే, వీలునామా నిజమైనదేనని కోర్టు పరిశీలించి ముద్ర వేసి ఇచ్చే ధ్రువీకరణ. ముస్లింల వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. వివాదం ఉన్నప్పుడు, వీలునామాను ఎవరైనా కాదన్నప్పుడు జిల్లా కోర్టును ఆశ్రయించవచ్చు. అవసరం లేని చోట ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిప్పని వకీలే మంచి వకీలు.

వీలునామా ఉన్నా లేకపోయినా కొన్ని పనులు తప్పవు. మరణ ధ్రువపత్రం తీసుకోవాలి. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు చేయాలి. అందులో కూతుళ్ల పేర్లు, తల్లి పేరు వదిలేయడం అబద్ధపు సాక్ష్యంతో సమానమని మరువరాదు. బ్యాంకుల్లో పెద్ద మొత్తాలున్నా, చనిపోయినవారికి రావలసిన బాకీలను కోర్టు ద్వారా రాబట్టాలన్నా సక్సెషన్ సర్టిఫికెట్ అవసరమవుతుంది. చనిపోయినవారు నివసించిన ప్రాంతపు సివిల్ కోర్టు దాన్ని ఇస్తుంది. దుకాణం అప్పుపుస్తకం సరిగ్గా రాసి ఉంచమనడం ఇందుకే. పొలానికి పాసుపుస్తకంలో, ఇంటికి పన్ను రికార్డులో పేర్లు మార్పించాలి. అయితే ఒక అన్న పేరు పాసుపుస్తకంలో ఎక్కినంత మాత్రాన ఆయన ఒక్కడే యజమాని అయిపోడు. చెల్లెలి హక్కు అలాగే ఉంటుంది.

ఉన్నది ఒక్క ఇల్లే అయితే ఎలా? ముక్కలు చేయనక్కర్లేదు. బజారు విలువ కట్టించి ఒకరు మిగిలినవారి వాటాలు కొనుక్కోవచ్చు. అద్దెను వాటాల ప్రకారం పంచుకోవచ్చు. ఎవరైనా సొమ్మో నగో తీసుకుని ఇష్టపూర్వకంగా వాటా వదులుకోవచ్చు. ఏది చేసినా విలువ దాచకుండా, మొహమాటపెట్టకుండా చేసి, వకీలు చేత రాయించి రిజిస్టరు చేయించాలి. కన్నీళ్లతో పెట్టిన సంతకం అంగీకారం కాదు.

సోదరీమణులకు ఒక మాట. వాటా అడగడం పుట్టింటి మీద పగ కాదు. అల్లాహ్ ఇచ్చిన హక్కును అడగడం. ముందు మసీదు పెద్దలనూ ఆలిములనూ మధ్యవర్తులుగా పెట్టి మాట్లాడండి. కుదరకపోతే 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల్లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలను కలవవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం.

సోదరులారా! వాటాల ఆజ్ఞలు ముగిసిన వెంటనే, నిసా సూరా 13, 14 ఆయతుల్లో, ఇవి అల్లాహ్ గీసిన హద్దులని, వీటిని పాటించిన వారికి స్వర్గమని, అతిక్రమించిన వారికి నరకమని హెచ్చరిక ఉంది. నమాజు, ఉపవాసాల్లో కచ్చితంగా ఉంటూ చెల్లెలి మూడున్నర లక్షలు, అనాథ మనవల ఎనిమిది లక్షలు తిన్నవాడు రేపు ఏ ముఖంతో నిలబడతాడు?

ఈ పత్రిక చేతిలో ఉండగానే ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ అప్పులు రాయండి, మీ దగ్గరున్న అమానతులు రాయండి, వాటా లేని ఆప్తుల పేర్లు రాయండి. మీ భార్యాబిడ్డలకు చూపించండి. ఆ కాగితంతో ముందు ఒక ఆలిమును, ఆ తర్వాత ఒక న్యాయవాదిని కలవండి.

మన ఆస్తి మన పిల్లల మధ్య పగకు కారణం కాకుండా, మన తర్వాత మనకు దుఆ చేసే నాలుకలను మిగిల్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.